వానాకాలపు ప్రాజెక్టు, మాఘమాసపు పరీక్ష

ఈ మధ్య మాకు అందిన ఉత్తరాలలో ఒకదానికి కొంత విస్తారంగా సమాధానం చెప్పదలచినాము. వ్రాసినవారు బచేలి టౌన్‌షిప్‌లో నివసించే ఒక గృహిణి. వారి అబ్బాయి పదవ తరగతి చదువుతున్నాడు. బాలల సైన్స్ కాంగ్రెస్ కోసం ఒక పరిశోధన ప్రాజెక్టు చేయుటకు విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు ఇద్దరు పిల్లలను ఎంపిక చేశారట. అందులో వీరి అబ్బాయి ఒకడు. అబ్బాయికి ఉత్సాహం, తండ్రికి భయం. బోర్డు పరీక్షల సంవత్సరంలో ఈ అదనపు బరువు దేనికని తండ్రిగారి వాదన. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన మనిషికీ, బడికి బయలుదేరే పిల్లవానికీ మధ్య ప్రతి ఉదయం ఈ తగవు తీర్చలేక ఆ తల్లి మమ్మల్ని అడిగారు: ప్రాజెక్టు మానిపించమంటారా, చేయనిమ్మంటారా అని.

చేయనివ్వండి. అయితే ఒక షరతు ఉన్నది. దీపావళి నాటికి ప్రాజెక్టు పూర్తయి, దాని నివేదిక ఉపాధ్యాయుని చేతికి చేరి, సీసాలూ జాడీలూ కడిగి యథాస్థానంలో పెట్టబడి ఉండాలి. ఆ పండుగ దాటిన తరువాత ఒక్క కొలత కూడా తీయరాదు. ఈ షరతు ఎందుకో, దానిని నెరవేర్చడం ఎట్లాగో వివరించుటకే ఈ వ్యాసం.

బాలల సైన్స్ కాంగ్రెస్ అనగా ఏమిటో తెలియని తల్లిదండ్రులు మనలో ఇంకా చాలామంది ఉన్నారు. సైన్స్ ఎగ్జిబిషన్‌కూ దీనికీ తేడా లేదని కొందరి భావన. 1992లో గ్వాలియర్‌లో ఒక ప్రయోగంగా ఆరంభమైన ఈ కార్యక్రమాన్ని 1993 నుండి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ అండతో దేశమంతటా నిర్వహిస్తున్నారు. అప్పటికి బస్తర్ కూడా మధ్యప్రదేశ్‌లోని జిల్లాయే గనుక, ఇది ఒక విధంగా మన పూర్వపు రాష్ట్రంలో పుట్టిన బిడ్డ అనుకోవచ్చును. 10 సంవత్సరాల నుండి 17 సంవత్సరాల వయస్సు గల పిల్లలు తమ పరిసరాలలోని ఒక సమస్యను తీసుకొని, స్వయంగా పరిశీలించి, కొలిచి, లెక్కకట్టి, నివేదిక వ్రాసి, పెద్దల ఎదుట నిలబడి చెప్పాలి. థర్మోకోల్ అగ్నిపర్వతాలకూ, దీపాలు వెలిగే బొమ్మలకూ ఇక్కడ చోటు లేదు. జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి దాటినవారు జాతీయ స్థాయికి వెళతారు. జాతీయ సభ డిసెంబరు చివర జరగడం చాలాకాలం ఆనవాయితీ. జనవరిలో జరిగిన సందర్భాలూ ఇటీవల ఉన్నవి. బచేలి తండ్రిగారి భయానికి మూలం ఇక్కడే ఉన్నది. ఆ భయం నిరాధారమని మేము అనము.

కానీ ప్రాజెక్టుకూ పరీక్షకూ తగవు వచ్చేది సమయం చాలక కాదు, ఋతువు తప్పినందువలన. ఇది మన ప్రాంతంలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మాకు తెలిసిన ఒక బాలిక కాంగేర్ లోయలోని కోటుమ్‌సర్ గుహను గురించి ప్రాజెక్టు చేయాలని జూలైలో నిశ్చయించుకున్నది. సున్నపురాతిలో నీరు తొలిచిన గుహ అది. లోపలి నీటిలో చూపు క్షీణించిన, రంగు వెలిసిన చిన్న చేపలు ఉన్నాయని విని ఆ బాలిక ముచ్చటపడినది. తీరా విచారిస్తే, వానాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది గనుక సందర్శకులను అనుమతించరు. వానలు వెనుకబట్టిన తరువాతనే ద్వారం తెరుస్తారు. పైగా అది 1982లో ఏర్పడిన జాతీయ ఉద్యానవనంలోని స్థలం. చేపను కాదుగదా, రాతి ముక్కను తీసుకొనుటకైనా అటవీశాఖ వారి అనుమతి కావాలి. అనుమతి వచ్చేసరికి అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చి కూర్చున్నవి. ప్రశ్న మంచిదే, కాలం మంచిది కాదు.

ఇప్పపూవు సంగతీ ఇంతే. బస్తర్‌లో ఉన్నవారెవరికైనా ఇప్పపూవు మీద ప్రాజెక్టు చేయాలని తోచడం సహజం. తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పూలను కుటుంబమంతా బుట్టలకెత్తే దృశ్యం మన కాలనీల వెలుపల అడుగు పెడితే చాలు కనిపిస్తుంది. అయితే ఆ పూలు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. అనగా సరిగ్గా వార్షిక పరీక్షల వేళ. కాలనీ పిల్లలకు ఇది ప్రాజెక్టు కాలం గురించిన చిక్కు మాత్రమే. చుట్టుపక్కల గ్రామాల పిల్లలకు అది ఇంటి ఆదాయం గురించిన చిక్కు. పూలు ఏరే చేతులు ఇంటికి కావాలి, పరీక్ష వ్రాసే చేతులు బడికి కావాలి, రెండూ అవే చేతులు. ఆ పిల్లలతో పోల్చినప్పుడు మన పిల్లలకు ఉన్న వెసులుబాటు ఎంతటిదో తల్లిదండ్రులు ఒక్కసారి తలచుకోవాలి.

మరి వానాకాలానికి తగిన ప్రశ్న ఏది? మన గుమ్మం ముందే పారుతున్నది. జూన్ నడుమ తొలకరి పడినప్పటి నుండి బైలడీల కొండల నుండి దిగే ప్రతి వాగూ ఎర్రగా మారుతుంది. బకెట్టులో పట్టి ఉంచితే ఒకచోట నీరు గంటకే తేరుకుంటుంది, మరొకచోట మరునాటికి గాని తేరుకోదు. ఎందుచేత? దీనిని వేగంగా తేర్చుటకు మన పెద్దలు వాడిన పటిక, మునగగింజ, చిల్లగింజ వీటిలో ఏది ఎంత పని చేస్తుంది? ఈ ఒక్క ప్రశ్న చాలు, మూడు నెలల ప్రాజెక్టుకు.

మొదట దీని వెనుక ఉన్న శాస్త్రాన్ని చెప్పుకుందాము. నీటిలో మునిగే రేణువు వేగం దాని వ్యాసపు వర్గాన్ని అనుసరించి ఉంటుందని 19వ శతాబ్దంలో స్టోక్స్ అనే శాస్త్రవేత్త సూత్రీకరించారు. రేణువు పదవ వంతు చిన్నదైతే వేగం నూరవ వంతుకు పడిపోతుంది. ఇనుప ఖనిజపు రేణువు మిల్లీమీటరులో నూరవ వంతు ఉన్నదనుకుంటే, 30 సెంటీమీటర్ల ఎత్తు గల జాడీలో అది అడుగుకు చేరుటకు లెక్క ప్రకారం ఇరవై నిమిషాల పైన పడుతుంది. మిల్లీమీటరులో వెయ్యవ వంతు రేణువైతే సుమారు ఒకటిన్నర రోజు పడుతుంది. ఇక అంతకన్న సన్నని బంకమట్టి రేణువుల మీద ఋణ విద్యుదావేశం ఉండడం వలన అవి ఒకదానినొకటి నెట్టుకుంటూ, కలిసి బరువెక్కకుండా తేలుతూనే ఉంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని హరించి రేణువులను గుంపులుగా చేరుస్తుంది. మునగగింజలోని కొన్ని మాంసకృత్తులకు ధనావేశం ఉండడం వలన అవి కూడా ఇదే పని చేస్తాయి. చిల్లగింజను సానమీద అరగదీసి కుండలోని నీటికి కలిపే అలవాటు మన గోదావరి ప్రాంతపు ఇండ్లలో పెద్దలకు తెలిసినదే. హిందీలో దానినే నిర్మలి అంటారు.

ఇక ప్రయోగం. ఒకే కొలత గల పన్నెండు గాజు సీసాలు సమకూర్చుకోవాలి. అందరి ఇండ్లలో ఉండే పచ్చడి సీసాలే చాలును. ఒకే బకెట్టులో బురదనీటిని బాగుగా కలిపి, కలుపుతూనే అన్నింటిలో సమానంగా పోయాలి. మూడింటిలో ఏమీ వేయరాదు. మూడింటిలో పటిక, మూడింటిలో మునగగింజల పొడి, మూడింటిలో చిల్లగింజ గంధం. మునగగింజలైతే లీటరుకు ఒకటి రెండుతో మొదలుపెట్టవచ్చును. ఒక్కొక్క రకానికి మూడేసి సీసాలు దేనికని పిల్లలు తప్పక అడుగుతారు. ఒకే సీసా ఉంటే వచ్చిన ఫలితం మందుదో, సీసాదో, చేయి వణుకుదో తెలియదు గనుక. ఏమీ వేయని సీసాలు ఎందుకని కూడా అడుగుతారు. పోల్చుకొనుటకు అవే ఆధారం. పెద్ద పోటీలకు వచ్చిన నివేదికలలో సైతం లోపించేది తరచుగా ఈ ఏమీ వేయని సీసాయే.

సీసా వెనుక తెల్ల కాగితం మీద నల్ల సిరాతో గీసిన కూడిక గుర్తును నిలబెట్టి, నీరు పోసినది మొదలు ఆ గుర్తు కంటికి స్పష్టంగా కనిపించే వరకు ఎన్ని నిమిషాలు పట్టినదో నమోదు చేయాలి. ఇద్దరు పిల్లలూ విడివిడిగా చూచి, ఒకరికొకరు చెప్పుకోకముందే తమ తమ పుస్తకాలలో వ్రాసుకోవాలి. తరువాత పోల్చుకుంటే ఇద్దరి చూపులో ఎంత తేడా ఉన్నదో అదే బయటపడుతుంది. ఆ తేడా కూడా ఒక కొలతే. జూలై, ఆగస్టు నెలలలో నాలుగైదు వానల నీటితో ఇదే పనిని మళ్ళీ మళ్ళీ చేయాలి. ఖర్చు నామమాత్రం. కావలసినది ఓపిక.

రెండు హెచ్చరికలు చేయక తప్పదు. వాగు పొంగుతున్నప్పుడు పిల్లలను దగ్గరకు పంపరాదు. గనుల ఆవరణలోకి నమూనాల కోసం వెళ్ళనే రాదు. పెద్దవారొకరు వెంట ఉండి రోడ్డు పక్క కాలువలో పట్టిన నీరు చాలు. ఇక చిల్లగింజకు దగ్గరి చుట్టం ముష్టిగింజ, అది విషం. ఈ అడవులలో అదీ దొరుకుతుంది. తెలిసినవారి చేత గుర్తింపజేసుకొని గాని గింజను ముట్టరాదు. ప్రయోగంలో తేరిన నీటిని ఎవరూ త్రాగరాదు. తేరిన నీరు కంటికి శుభ్రమే, కడుపుకు కాకపోవచ్చును. సూక్ష్మజీవులు కంటికి కనిపించవు. త్రాగునీటికి మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 10500 విధించిన మలినత పరిమితి 1 యూనిట్, వేరే నీరు దొరకనిచోట మాత్రమే 5 యూనిట్ల వరకు. పచ్చడి సీసా వెనుక కూడిక గుర్తు అంత సూక్ష్మాన్ని పట్టలేదు. ఈ పరిమితిని నివేదికలో పిల్లలే స్వయంగా వ్రాసుకుంటే పరీక్షకులకు ఎంతో నచ్చుతుంది.

ఈ ప్రాజెక్టులో అసలైన పరీక్ష రాత్రిపూట వస్తుంది. ఏమీ వేయని సీసాలు సాయంత్రం ఆరు గంటలకు పోస్తే రాత్రి పదింటికి కూడా గుర్తు కనిపించదు. పిల్లలు నిద్రపోతారు. తెల్లవారి ఆరింటికి లేచి చూస్తే గుర్తు స్పష్టంగా కనిపిస్తూ ఉంటుంది. ఎన్ని నిమిషాలు పట్టినట్లు? ఒక ఇంట ఇదే జరిగినప్పుడు, పట్టిక నిండుగా కనిపించాలని తండ్రి రాత్రి రెండున్నర అని వేయమన్నారు. ఎవరికి తెలుస్తుందన్నది ఆయన తర్కం. ఆ అబ్బాయి పెన్సిలు పట్టుకొని చాలాసేపు కూర్చొని, చివరకు "రాత్రి 10కీ ఉదయం 6కీ నడుమ, చూడలేదు" అని వ్రాశాడు. మా దృష్టిలో ఆ ప్రాజెక్టు మొత్తంలో విలువైన పంక్తి అదే. రెండున్నర అన్న అంకె ఎంత చక్కగా ఉన్నా అది ఎవరూ చూడనిది. మరుసటి వానకు ఆ పిల్లవాడు నీటిని సాయంత్రం గాక తెల్లవారుజామున పోశాడు. మొదటి రోజు అబద్ధం వ్రాసి ఉంటే ఆ ఉపాయం తోచేదే కాదు.

అంకె నిజమైనదైతే ఎంతకాలం నిలుస్తుందో బైలడీలలో పనిచేసేవారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. మనం నిత్యం నోట పలికే డిపాజిట్ల వరుస సంఖ్యలు కార్యాలయంలో ఎవరో పెట్టినవి కావు. 1930 దశకంలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన క్రూక్‌షాంక్ దక్షిణ బస్తర్ అడవులలో తిరిగి, ఈ కొండల మీది ఇనుప ఖనిజ నిక్షేపాలను పరిశీలించి, పద్నాలుగింటికి వరుసగా సంఖ్యలు ఇచ్చారు. 1968లో ఉత్పత్తి ఆరంభమైన 14వ డిపాజిట్, 1977లో ఆరంభమైన 5వ డిపాజిట్ ఆ వరుసలోనివే. ఒక పరిశీలకుని పుస్తకంలోని అంకెలు ఈనాడు గని బోర్డుల మీద, రైలు పత్రాల మీద, మన జీతపు చీటీల మీద కూడా ఉన్నాయి. మన పిల్లవాని నోటుపుస్తకం ఆ పుస్తకానికి సాటి అని మా భావం కాదు. పద్ధతి ఒకటే అని మాత్రం అంటున్నాము. చూచినది చూచినట్లు, తేదీతో, స్థలంతో, కొట్టివేత ఉంటే కొట్టివేత కనిపించేటట్లు.

ఇక్కడ మరొక మాట సూటిగా చెప్పాలి. ఎర్రనీటిని గురించి ప్రాజెక్టు చేయిస్తే అది మన సంస్థ మీదికి వస్తుందేమోనని సందేహించే సహోద్యోగులు ఉన్నారు. వేరే ఏదైనా తీసుకోరాదా, సౌరశక్తి ఉన్నది కదా అంటారు. కొండ దిగువ గ్రామాలవారు ఎర్రనీటిని గురించి చెప్పే మాట ఈనాటిది కాదు. సన్న ఖనిజం వాగులలోకి పోకుండా చెక్ డ్యాములు, టెయిలింగ్ డ్యాములు కట్టడమే ఈ సమస్య ఉన్నదని మన సంస్థ అంగీకరించినట్లు. ఇంజనీర్లు పెద్ద ఎత్తున చేసే పనినే పిల్లవాడు పచ్చడి సీసాలో చేసి చూస్తున్నాడు. నీటిని ఆపితే రేణువు అడుగుకు చేరుతుంది, ఎంతసేపు ఆపాలన్నదే ప్రశ్న. గని ఉద్యోగుల పిల్లలు ఈ ప్రశ్న అడిగి, వచ్చిన అంకెను ఉన్నదున్నట్లు వ్రాస్తే సంస్థకు చిన్నతనం ఏమీ లేదని మా నిశ్చితాభిప్రాయం. దానిని దాచమని నేర్పితే మాత్రం పిల్లవానికి నష్టం.

ఆగస్టు చివరకు కొలతలు ఆపివేయాలి. సెప్టెంబరులో పట్టికలు, గ్రాఫులు, నివేదిక. మన ప్రాంతంలో దసరా ఒక్కరోజు పండుగ కాదు, బస్తర్ దసరా 75 రోజుల ఉత్సవం. జగదల్‌పూర్‌లో రథం కదిలే నాటికి నివేదిక చిత్తుప్రతి సిద్ధమై ఉండాలని ఒక గుర్తు పెట్టుకుంటే పిల్లలకు సులభంగా ఉంటుంది. దసరా సెలవులలో సాపు చేయడం, దీపావళికి ముగింపు. రాష్ట్ర స్థాయికి ఎంపికైతే రెండు మూడు రోజుల ప్రయాణం, దానికి అభ్యంతరం అక్కరలేదు. జాతీయ స్థాయికి ఎంపికైతే అప్పుడు ఆలోచించాలి. పదవ తరగతి పిల్లవానికి వెళ్ళుటకే మేము సలహా ఇస్తాము, ఆ అనుభవం మళ్ళీ రాదు. పన్నెండవ తరగతి విద్యార్థి మాత్రం ఆ సంవత్సరం అసలు ఈ పోటీ జోలికి పోకుండుటే మేలు. ఎనిమిది, తొమ్మిది, పదకొండు తరగతులు దీనికి అన్నిటికన్న అనువైనవి.

పన్నెండవ తరగతి వారికి వేరే ప్రాజెక్టు ఎట్లాగూ ఉంటుంది. సి.బి.ఎస్.ఇ. విధానంలో విజ్ఞానశాస్త్రాలకు 70 మార్కులు వ్రాత పరీక్షకు, 30 మార్కులు ప్రాక్టికల్స్‌కు. ఆ ముప్పైలో ప్రాజెక్టుకు కేటాయించినది భౌతికశాస్త్రంలో 3, రసాయనశాస్త్రంలో 4. ఈ మూడు నాలుగు మార్కుల కోసం తయారైన ఫైలును దుకాణంలో కొని, పైన పేరు మార్చి అంటించే ఆచారం పట్టణాలలో నెలకొన్నది. మన కాలనీలకు కూడా అది ప్రాకినట్లు విన్నాము. మూడు మార్కులకు ఇన్నూరు రూపాయలు పెట్టే బదులు పిల్లవానిని రెండు ఆదివారాలు ఇంట కూర్చోబెట్టినా పని పూర్తవుతుంది.

ఇక పరీక్షల సంగతి. దీపావళి నుండి ఫిబ్రవరి నడుమ వరకు మూడు నెలల పైచిలుకు మిగులుతుంది. సి.బి.ఎస్.ఇ. బోర్డు పరీక్షలు సాధారణంగా ఫిబ్రవరి నడుమ మొదలవుతాయి. రాయపూర్ బోర్డు వారివి కొంచెం అటూ ఇటూగా అదే కాలంలో. 2026 నుండి పదవ తరగతికి సి.బి.ఎస్.ఇ. వారు రెండవ అవకాశం కూడా కల్పించారు గానీ, మొదటి పరీక్ష అందరూ వ్రాయవలసినదే. రెండవది ఉన్నదిగదా అని నిదానించడం తగదు.

మన ఇండ్లలో చదవడమంటే పుస్తకం తెరచుకొని మళ్ళీ మళ్ళీ పైకి చదవడం. తల్లికి వంటింట్లోకి వినిపిస్తే చదువుతున్నాడని భరోసా. దీనిని గురించి అమెరికాలోని సెయింట్ లూయీలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగ ఫలితం 2006లో వెలువడినది. విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరొక పాఠాన్ని ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద వ్రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠమే ఎక్కువగా గుర్తున్నది. వారం తరువాత పెడితే తలక్రిందులైనది. రెండుసార్లు చదివిన పాఠం 42 శాతం, మూసి వ్రాసిన పాఠం 56 శాతం గుర్తున్నది. చదివిన సాయంత్రం అంతా వచ్చినట్లే ఉండి, పరీక్షనాటికి ఆవిరైపోవడానికి కారణం ఇదే. గనుక నవంబరు నుండి రోజుకు ఒక పాఠం చదివి, మూసి, వ్రాయాలి. వారానికి ఒకసారి పాత పాఠాలలో ఒకదానిని చూడకుండా మళ్ళీ వ్రాయాలి. వ్రాసినదానిని పుస్తకంతో సరిచూచి, వదిలిపోయిన అంశాన్ని ఎర్రసిరాతో చేర్చుకుంటే ఫిబ్రవరిలో చదవవలసినది ఆ ఎర్రసిరా మాత్రమే.

ప్రాజెక్టు చేసిన పిల్లవానికి ఇక్కడ ఒక లాభం కనిపిస్తుంది. అవలంబనాలు, కాంజికాభ ద్రావణాలు, టిండాల్ ప్రభావం అన్నవి అతనికి పుస్తకపు మాటలు కావు. టార్చిలైటు వెలుగు బురదనీటి సీసాలో తెల్లని బాటగా కనిపించడాన్ని అతడు చూచి ఉన్నాడు. సాంద్రత, ఘర్షణ, విద్యుదావేశం ఒకే సీసాలో కలిసినవి. గ్రాఫు గీయమంటే ఏ అక్షం మీద ఏది వేయాలో చేతికి తెలుసును. సైన్సులో ఇంతమాత్రమే. సాంఘికశాస్త్రానికీ, హిందీ వ్యాకరణానికీ ప్రాజెక్టు ఏ సహాయమూ చేయదు. వాటికి కేటాయించవలసిన గంటలను విడిగా కేటాయించవలసినదే.

మన తెలుగు కుటుంబాల పిల్లలకు మరొక చిక్కు ఉన్నది. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు లేక హిందీ, ఆటస్థలంలో హల్బీ కలిసిన హిందీ. ఫిట్కరీ అంటే పటిక అని తెలియక రెండూ వేరనుకున్న పిల్లను మేము ఎరుగుదుము. ఇందుకు మా సలహా సులభమైనది. రాత్రి భోజనాల తరువాత పది నిమిషాలు, ఆనాడు చదివిన పాఠాన్ని అమ్మకో నాయనమ్మకో తెలుగులో చెప్పమనండి. నాయనమ్మ సైన్సు చదివి ఉండనవసరం లేదు. ఆమె "ఎందుకురా?" అని అడిగితే చాలు. తడబడినచోట మళ్ళీ చదువుకుంటాడు. మాట మార్చి చెప్పగలిగిన విషయం ఏ భాషలో ప్రశ్న వచ్చినా వ్రాయగలుగుతాడు.

తండ్రుల షిఫ్టులను గురించి ఉత్తరంలో ప్రత్యేకంగా అడిగారు. రాత్రి షిఫ్టు వారంలో పగటిపూట ఇంట్లో నిశ్శబ్దం తప్పనిసరి. ఆ వారాన్ని వ్రాతపనికి, లెక్కల సాధనకు కేటాయించి, పైకి చదివి అప్పజెప్పే పాఠాలను జనరల్ షిఫ్టు వారానికి ఉంచుకుంటే ఇరువురికీ ఇబ్బంది ఉండదు. డ్యూటీ చార్టు పక్కనే పిల్లవాని చదువు చార్టును కూడా గోడకు అంటించండి. తండ్రి నిద్ర, కొడుకు చదువు ఒకే కాగితం మీద కనిపిస్తే ఉదయపు తగవు సగం తగ్గుతుంది.

చివరగా సంక్రాంతి ప్రయాణం. కిరందుల్ నుండి విశాఖకు వెళ్ళే రైలులో జనవరి రెండవ వారంలో చోటు దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలిసినదే. అయితే పన్నెండవ తరగతి ప్రాక్టికల్ పరీక్షలు కూడా జనవరి నుండే మొదలవుతాయి. భోగి నాటికి ఊరు చేరి, కనుమ మరునాడు తిరిగి వచ్చేసరికి ప్రాక్టికల్ తేదీ దాటిపోయిన కుటుంబాలు ఉన్నాయి. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. అనగా నవంబరు నడుమనే. బోర్డు పరీక్ష వ్రాసే పిల్లలున్నవారు టిక్కెట్టు కొనేముందు పాఠశాలకు వెళ్ళి ప్రాక్టికల్స్ తేదీలు ఎప్పుడు ఉండవచ్చునో అడిగి తెలుసుకోండి. అప్పటికి తేదీలు ఖాయం కాకపోతే, తల్లిదండ్రులలో ఒకరు, పిల్లవాడు ఇక్కడే ఉండి, మిగిలినవారు ఊరికి వెళ్ళి అరిసెలు తెచ్చిపెట్టవచ్చును.